వెన్ను ఆపరేషన్ తర్వాత మళ్లీ మళ్లీ నీరు కారుతుంటే: కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

వెన్నెముక ఆపరేషన్ అయ్యాక ఇంట్లో అందరి దృష్టీ కాలి మీదే ఉంటుంది. డిస్కు జారి కాలిలోకి పాకిన నొప్పి తగ్గిందా, నడవగలుగుతున్నారా అని అడుగుతారు. అయితే కొందరిలో కాలి నొప్పి తగ్గినా కొత్త బాధ ఒకటి మొదలవుతుంది. మంచం మీద ఉన్నంతసేపు బాగానే ఉంటారు. లేచి కూర్చున్న కాసేపటికే తల పగిలిపోతున్నట్టు నొప్పి, వికారం, చెవుల్లో హోరు వస్తాయి. మళ్లీ పడుకుంటే అవన్నీ తగ్గిపోతాయి.

ఇంట్లోవాళ్లు దీన్ని నీరసం అనుకుంటారు. గ్యాస్ అని ఒకరు, మైగ్రేన్ అని ఇంకొకరు, నజర్ తగిలిందని మరొకరు అంటారు. ఆపరేషన్ తర్వాత ఇలా జరిగితే ముందుగా అనుమానించాల్సింది మాత్రం వెన్నులోని నీరు కారడాన్ని. దీన్ని గుర్తించడం కష్టం కాదు, చికిత్స కూడా ఉంది. కాకపోతే ఒకసారి ఆగిన నీరు కొందరిలో మళ్లీ కారుతుంది. అలాంటప్పుడు రోగి చెప్పే మాటను నమ్మడం, ప్రతిసారీ గుర్తులు రాసిపెట్టుకుని డాక్టర్ ముందు ఉంచడం చాలా ముఖ్యం.

ఏమిటీ నీరు?

మెదడు, వెన్నుపాము రెండూ ఒక పల్చటి ద్రవంలో తేలుతూ ఉంటాయి. వైద్య భాషలో దీన్ని సెరెబ్రోస్పైనల్ ఫ్లూయిడ్ అంటారు. పొట్టిగా సీఎస్‌ఎఫ్. చూడటానికి మంచినీళ్లలా తేటగా ఉంటుంది. పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. శరీరం రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారు చేస్తుంది. అంటే పాత నీరు రక్తంలో కలిసిపోతూ, రోజుకు మూడు నాలుగు సార్లు కొత్త నీరు వస్తూ ఉంటుంది.

సుమారు 1400 గ్రాముల మెదడు ఈ నీటిలో తేలడం వల్లే పుర్రె అడుగున భారం పడకుండా నిలబడుతుంది. నీటిని లోపల పట్టి ఉంచే సంచి లాంటి పొర పేరు డ్యూరా. వెన్నుపాము చుట్టూ, నడుము కింది భాగంలో నరాల చుట్టూ ఈ పొరే ఉంటుంది. దానికి చిన్న రంధ్రం పడినా నీరు బయటికి వస్తుంది. నీరు తగ్గితే మెదడుకు ఆధారం తగ్గుతుంది. మనిషి లేచినప్పుడు మెదడు కాస్త కిందికి జారి, చుట్టూ ఉన్న పొరలు, రక్తనాళాలు లాగినట్టవుతాయి. నొప్పి అక్కడ పుడుతుంది. పడుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది.

ఆపరేషన్‌లో ఎందుకు చిరుగుతుంది?

జారిన డిస్కు ముక్కను తీసేటప్పుడో, ఇరుకైన వెన్ను కాలువను వెడల్పు చేసేటప్పుడో సర్జన్ పని చేసేది ఈ పొర పక్కనే. కొందరిలో ఎముక, లిగమెంటు ఆ పొరకు అతుక్కుపోయి ఉంటాయి. వయసు మీద పడినవాళ్లలో పొర పల్చబడి ఉండొచ్చు. అదే చోట రెండోసారి ఆపరేషన్ చేస్తుంటే పాత మచ్చ కణజాలం పొరను అంటిపెట్టుకుని ఉంటుంది, దాన్ని విడదీయడం కష్టం. అందుకే మొదటి ఆపరేషన్ కంటే రెండో ఆపరేషన్‌లో పొర చిరిగే అవకాశం ఎక్కువ. వెన్ను ఆపరేషన్లలో ఇది తెలిసిన ప్రమాదమే. ఎంత నేర్పున్న సర్జన్ చేతిలోనైనా జరగవచ్చు. చాలాసార్లు చిరుగు అక్కడే కనబడుతుంది, అప్పుడే కుట్టేస్తారు. వాళ్లలో ఎక్కువ మందికి తర్వాత ఏ ఇబ్బందీ రాదు.

మళ్లీ మళ్లీ ఎందుకు?

కుట్టు పక్కన సూది గుచ్చిన రంధ్రం నుంచే నీరు రావచ్చు. ఎముక ముల్లు ఒకటి పొరను గుచ్చుతూ ఉండొచ్చు. ఎక్కువ రోజులు కారితే నీరు తనకంటూ ఒక దారి ఏర్పరచుకుంటుంది, ఆ దారి గట్టిపడి మూసుకోకుండా ఉండిపోతుంది. నడుము దగ్గర నీటి ఒత్తిడి కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు పెరుగుతుంది. పడుకుంటే తగ్గుతుంది. గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువు ఎత్తినా ఒక్కసారిగా పెరిగి కొత్తగా మూసుకున్న చోట మీద పడుతుంది. అదుపులో లేని షుగర్, పొగతాగడం, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడటం, సరైన తిండి లేకపోవడం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. కొద్దిమందిలో పుట్టుకతోనే శరీరంలోని కణజాలం వదులుగా ఉంటుంది. ఇంకొందరిలో వెన్ను నీటి ఒత్తిడే సహజంగా ఎక్కువ. అలాంటివాళ్లలో ఎన్నిసార్లు అతుకు వేసినా, ఒత్తిడి సంగతి చూడకపోతే అతుకు నిలవదు.

ప్రపంచం చూసిన ఒక ఉదాహరణ

అమెరికాలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ స్టీవ్ కెర్ 1965లో బీరూట్‌లో పుట్టారు. 2015 జూన్‌లో ఆయన జట్టు చాంపియన్‌షిప్ గెలిచింది. అదే ఫైనల్స్ సమయంలో ఆయన వెన్ను డిస్కు దెబ్బతింది. జూలైలో ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత వెన్ను నీరు కారడం మొదలైంది, సెప్టెంబరులో రెండో ఆపరేషన్ చేశారు. అయినా తలనొప్పి, వికారం వదల్లేదు. అక్టోబరులో సెలవు తీసుకున్న ఆయన కొత్త సీజన్‌లో మొదటి 43 మ్యాచ్‌లకు దూరంగా ఉండి, 2016 జనవరిలో తిరిగి వచ్చారు.

కథ అక్కడితో ముగియలేదు. 2017 ఏప్రిల్‌లో బాధ మళ్లీ తీవ్రమైంది. ముఖ్యమైన ప్లేఆఫ్ మ్యాచ్‌ల మధ్యలో పక్కకు తప్పుకుని మే నెలలో ఇంకోసారి చికిత్స చేయించుకున్నారు. జూన్‌లో ఫైనల్స్ రెండో మ్యాచ్‌కు తిరిగి వచ్చారు. ఆ ఏడాది కప్పు కూడా ఆయన జట్టుదే. వీలైతే వెన్ను ఆపరేషన్‌కు దూరంగా ఉండి, ముందు వ్యాయామ చికిత్స ప్రయత్నించమని తర్వాత ఆయన విలేకరులతో అన్నారు. అది ఆయన అనుభవం. కాలు పడిపోతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా ఆపరేషన్ వాయిదా వేయడం ప్రమాదం.

ఆయన విషయంలో గమనించాల్సింది ఇంకొకటుంది. డబ్బుకు, డాక్టర్లకు కొదవ లేని మనిషికి కూడా కోలుకోవడానికి నెలలు పట్టింది. ఒకసారి బాగై మళ్లీ వెనక్కి పోవడం జరిగింది. కాబట్టి మన ఇంట్లో రోగికి నెల రోజులైనా తగ్గలేదంటే అది రోగి బద్ధకం కాదు. డాక్టర్ ప్రతిసారీ తప్పు చేశారని కూడా అనుకోనక్కర్లేదు.

గుర్తులు ఎలా ఉంటాయి?

అన్నిటికంటే పెద్ద గుర్తు: లేస్తే నొప్పి, పడుకుంటే ఉపశమనం. సాధారణంగా లేచిన కొద్ది నిమిషాల్లో మొదలవుతుంది. కొందరికి ఉదయం బాగానే ఉండి సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. నొప్పి ఎక్కువగా తల వెనక, మెడలో, లేదా తలంతా ఉంటుంది. దానితోపాటు ఇవి కూడా ఉండొచ్చు:

- మెడ పట్టేసినట్టు ఉండటం, వికారం, వాంతులు
- చెవులు మూసుకుపోయినట్టు, నీటి అడుగున ఉన్నట్టు వినబడటం, చెవిలో హోరు
- వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం, ఒక్కోసారి రెండుగా కనబడటం
- కుట్టు దగ్గర నుంచి తేటగా నీళ్లలా కారడం, డ్రెస్సింగ్, దిండు, బట్టలు తడవడం
- కుట్టు కింద మెత్తటి బుడిపె, లేచినప్పుడు ఉబ్బి పడుకుంటే తగ్గడం

చివరిది చర్మం కిందే నీరు సంచిలా చేరడం. చిన్నవైతే వాటంతట అవే ఇంకిపోవచ్చు. పెద్దవైనా, పెరుగుతున్నా చికిత్స కావాలి. వీధి క్లినిక్‌లో సూదితో నీరు తీయించుకోవడం మాత్రం మంచిది కాదు. సూది దారిలో క్రిములు లోపలికి పోతే ముప్పు పెరుగుతుంది.

బయటికి నీరు కారకపోయినా లోపల కారుతూ ఉండొచ్చు. కాబట్టి కుట్టు పొడిగా ఉంది కదా అని తలనొప్పిని కొట్టిపారేయకూడదు.

ఆలస్యం చేయకూడని పరిస్థితులు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా రేపటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. రాత్రయినా, పండగ రోజైనా సరే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108కి ఫోన్ చేయవచ్చు.

- జ్వరం, చలి వణుకు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం, మతి స్థిమితం లేకపోవడం. ఇవి మెదడు పొరల ఇన్‌ఫెక్షన్‌కు, అంటే మెనింజైటిస్‌కు గుర్తులు.
- ఇన్నాళ్లూ పడుకుంటే తగ్గిన తలనొప్పి ఇప్పుడు పడుకున్నా తగ్గకపోవడం, మగతగా ఉండటం, పిలిస్తే సరిగా పలకకపోవడం, ఫిట్స్. మెదడు చుట్టూ రక్తం చేరి ఉండొచ్చు.
- మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద అదుపు పోవడం, తొడల మధ్య, పిరుదుల దగ్గర తిమ్మిరి, కాళ్లలో కొత్తగా బలహీనత. నడుము నరాల మీద ఒత్తిడి పడుతోందని అర్థం. గంటలు కూడా విలువైనవే.
- కుట్టు నుంచి నీరు ధారగా కారడం, కుట్టు ఎర్రబడటం, చీము, దుర్వాసన.

జ్వరం విషయంలో ఒక జాగ్రత్త. నొప్పికి వేసుకునే పారాసెటమాల్ జ్వరాన్ని కూడా తగ్గిస్తుంది. మాత్ర వేసే ముందే థర్మామీటర్‌తో చూసి రాసిపెట్టాలి. లేకపోతే ఇన్‌ఫెక్షన్ గుర్తు మరుగున పడిపోతుంది.

ఏ పరీక్షలు చేస్తారు?

కారుతున్నది చెమటా, గాయం నీరా, వెన్ను నీరా అని అనుమానం ఉంటే ఆ ద్రవాన్ని సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పరీక్షకు పంపుతారు. ఈ ప్రొటీన్ వెన్ను నీటిలో ఉంటుంది, మామూలు గాయం నీటిలో ఉండదు. కాగితం మీద చుక్క వేసి చుట్టూ వలయం వచ్చిందా అని చూడటం, షుగర్ స్ట్రిప్‌తో చూడటం పాత పద్ధతులు. వాటిని నమ్ముకుని నిర్ణయం తీసుకోలేం.

ఎంఆర్‌ఐలో నీరు చేరిన చోటు కనబడుతుంది. ఆపరేషన్ తర్వాత కొంత నీరు చేరడం మామూలే కాబట్టి, రిపోర్టును సర్జన్ రోగి లక్షణాలతో కలిపి చూస్తారు. మెదడు ఎంఆర్‌ఐలో మెదడు కిందికి జారిన గుర్తులు కనబడవచ్చు. మళ్లీ మళ్లీ కారుతున్నప్పుడు చిరుగు సరిగ్గా ఎక్కడుందో తెలియడానికి వెన్ను నీటిలోకి రంగు మందు ఎక్కించి సీటీ మైలోగ్రామ్ తీయాల్సి రావచ్చు.

స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన లీకు లేదని ఖాయంగా చెప్పలేం. లక్షణాలు అలాగే ఉంటే మళ్లీ డాక్టర్‌ను అడగాలి.

చికిత్స మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు విశ్రాంతి. డాక్టర్ చెప్పినన్ని రోజులు చదునుగా పడుకోవడం, నీళ్లు బాగా తాగడం, మలబద్ధకం, దగ్గు రాకుండా చూసుకోవడం. చాయ్, కాఫీల్లోని కెఫీన్ తలనొప్పిని కాసేపు తగ్గిస్తుంది, చిరుగును మాత్రం పూడ్చదు. చిన్న లీకులు చాలా వరకు ఈ మెట్టులోనే ఆగుతాయి. కుట్టు నుంచి కారుతుంటే చర్మం మీద అదనంగా కుట్లు వేస్తారు.

రెండో మెట్టు లంబార్ డ్రెయిన్. ఆసుపత్రిలో నడుము దగ్గర సన్నని గొట్టం పెట్టి కొద్దికొద్దిగా నీటిని బయటికి తీస్తారు. తరచుగా గంటకు సుమారు 10 మిల్లీలీటర్ల చొప్పున, కొన్ని రోజులపాటు తీస్తారు. నీరు ఆ దారిన పోతుంటే చిరుగు మీద ఒత్తిడి తగ్గి మానే అవకాశం దొరుకుతుంది. ఈ రోజుల్లో నర్సుకు చెప్పకుండా మంచం ఎత్తు మార్చకూడదు, లేవకూడదు. ఎత్తు మారితే నీరు ఒక్కసారిగా ఎక్కువ పోవచ్చు.

మూడో మెట్టు బ్లడ్ ప్యాచ్. రోగి చేతి నుంచే కొంత రక్తం, సాధారణంగా 15 నుంచి 20 మిల్లీలీటర్లు తీసి, డ్యూరా పొర బయట ఉన్న ఖాళీలోకి ఎక్కిస్తారు. రక్తం గడ్డకట్టి అతుకులా మూస్తుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే, రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే ఇది చేయరు, లేదా ముందు వాటి సంగతి చూస్తారు. ఆ మందుల పేర్లు దాచకుండా చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. కొందరికి ఒక్కసారితో తగ్గుతుంది. కొందరికి రెండోసారి, మూడోసారి అవసరం అవుతుంది. రక్తంతో పాటు ఫిబ్రిన్ గ్లూ అనే జిగురు కూడా వాడతారు.

ఈ అతుకు వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1898లో జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ వెన్నులోకి మత్తుమందు ఎక్కించే పద్ధతిని తన మీదే పరీక్షించుకున్నారు. ఆ తర్వాత చాలా రోజులు తలనొప్పితో బాధపడ్డారు, పడుకుంటే అది తగ్గేది. సూది రంధ్రం నుంచి నీరు పోవడమే కారణం కావచ్చని ఆయన ఊహించారు. 1960లో అమెరికన్ సర్జన్ జేమ్స్ గార్మ్‌లీ మరో విషయం గమనించారు. సూది వేసేటప్పుడు కాస్త రక్తం వచ్చినవాళ్లలో ఈ తలనొప్పి తక్కువగా కనబడింది. దాంతో రోగి రక్తాన్నే అక్కడ ఎక్కించి చూశారు, పనిచేసింది.

నాలుగో మెట్టు మళ్లీ ఆపరేషన్. చిరుగు వెతికి కుట్టడం, రోగి శరీరంలోని కొవ్వు లేదా కండ ముక్కను అతుకుగా వేయడం, జిగురు పూయడం, కండను గట్టిగా పొరలు పొరలుగా మూయడం ఇందులో ఉంటాయి. నీటి ఒత్తిడే ఎక్కువైతే దాన్ని తగ్గించే మందులు, అరుదుగా శాశ్వతంగా నీటిని మళ్లించే షంట్ అవసరం కావచ్చు.

నొప్పి తిరగబడితే

బ్లడ్ ప్యాచ్ లేదా ఆపరేషన్ తర్వాత కొందరు చెప్పే మాట: "ఇప్పుడు పడుకుంటేనే ఎక్కువవుతోంది, లేచి కూర్చుంటే నయంగా ఉంది." దీన్ని లీకు మళ్లీ వచ్చిందనుకుని ఇంకా ఎక్కువ పడుకోబెట్టకూడదు. రంధ్రం మూసుకున్నాక నీటి ఒత్తిడి కొంతకాలం పెరిగి ఉండవచ్చు. అప్పుడు నొప్పి ఎక్కువగా తల ముందు భాగంలో, కళ్ల వెనక ఉంటుంది. తెల్లవారుజామున పెరుగుతుంది, చూపు మసకబారవచ్చు. దీని చికిత్స వేరు. తల కింద ఎత్తు పెట్టడం, డాక్టర్ రాసే మందులు వాడటం ఇందులో భాగం. అయితే మెదడు చుట్టూ రక్తం చేరినా పడుకుంటే తగ్గని నొప్పి వస్తుంది. రెంటిలో ఏదో తేల్చాల్సింది డాక్టరే, అదీ అదే రోజు. నొప్పి ఏ వైపు నుంచి ఏ వైపుకు మారిందో చెబితే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.

ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆపరేషన్ తర్వాత "లేచి తిరుగు, పడుకుంటే ఇంకా బిగుసుకుపోతావు" అని అందరూ చెబుతారు. మామూలు వెన్ను ఆపరేషన్‌కు అది మంచి సలహానే. లీకు ఉన్నప్పుడు వర్తించదు. ఎన్ని రోజులు పడుకోవాలి, ఎప్పుడు నడవాలి అన్నది సర్జన్‌ను స్పష్టంగా అడిగి, రాయించుకుని రావాలి.

- మంచం దిగేటప్పుడు నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్లు కిందికి వదులుతూ చేత్తో ఒత్తి లేవాలి.
- వంగడం, మెలితిరగడం, బరువు ఎత్తడం మూడూ మానాలి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం సంచే కాదు, చంటిబిడ్డను ఎత్తుకోవడం కూడా బరువే.
- నేల మీద కూర్చుని కూరలు తరగడం, బట్టలు ఉతకడం, చీపురు పట్టి వంగి ఊడవడం డాక్టర్ ఒప్పుకునే దాకా వద్దు.
- మరుగుదొడ్డిలో ముక్కకూడదు. కింద కూర్చునే దొడ్డి కంటే కమోడ్ మేలు. పీచు ఉన్న తిండి, నీళ్లు, అవసరమైతే డాక్టర్ చెప్పిన విరేచనం మందు వాడాలి. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, ఆ సంగతి ముందే అడగాలి.
- దగ్గు, జలుబు మొదలైన రోజే మందు తీసుకోవాలి. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి.
- డ్రెస్సింగ్ శుభ్రంగా, పొడిగా ఉండాలి. కుట్టు మీద పసుపు, నూనె, ఏ ఆకు పసరూ పెట్టకూడదు. దూదితో కుక్కి మూయకూడదు.
- వీపు మీద మాలిష్, హిజామా, నడుము విరిపించడం ఈ సమయంలో అస్సలు వద్దు.
- మంచం మీదే ఉన్నా పాదాలు, మడమలు గంటకోసారి ఆడిస్తూ ఉండాలి. కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించాలి.
- చెకప్‌కు వెళ్లేటప్పుడు గతుకుల్లో ఆటో కంటే, వెనక సీట్లో పడుకుని వెళ్లగల కారు మంచిది.

పరామర్శకు వచ్చేవాళ్లు

రోగిని చూడటానికి వెళ్లడం మన ఇళ్లలో పుణ్యకార్యం. అయితే పెద్దవాళ్లు సలాం చెబుతూ లోపలికి రాగానే అదబ్ కోసం రోగి లేచి కూర్చుంటారు. రోజుకు పదిమంది వస్తే పదిసార్లు. సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది, కారణం ఎవరికీ తట్టదు. వచ్చినవాళ్లకు గుమ్మం దగ్గరే చెప్పేయాలి: "డాక్టర్ పడుకునే ఉండమన్నారు, ఏమీ అనుకోవద్దు." పడుకుని సలాంకు జవాబు చెప్పడం అమర్యాద కాదు.

నమాజు, వుజూ, రోజా

రుకూలో వంగడం, సజ్దాలో తల కిందికి పెట్టడం, ప్రతి రకాతుకూ లేచి నిలబడటం, ఇవన్నీ కొత్త అతుకు మీద ఒత్తిడి పెంచే కదలికలే. ఇస్లాంలో రోగికి సడలింపు స్పష్టంగా ఉంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని సైగలతో నమాజు చేసుకోవచ్చు. కుర్చీ నమాజు కూడా లీకు ఉన్నప్పుడు కష్టమే, ఎందుకంటే కూర్చోవడమే నొప్పి తెస్తుంది. అలాంటప్పుడు మంచం మీదే పడుకుని చేయడానికి వెనకాడనక్కర్లేదు.

కుట్టు తడవకూడదు కాబట్టి గుస్ల్ విషయంలో పట్టీ మీద మసహ్, నీరు హాని చేస్తుందంటే తయమ్ముమ్ అనే వెసులుబాట్లు ఉన్నాయి. రమజాన్‌లో రోజా మానేసి తర్వాత ఖజా చేసుకోవచ్చు. నీళ్లు తాగాల్సిన సమయంలో పట్టుదలగా రోజా ఉండటం వల్ల వాంతులు, మలబద్ధకం పెరిగి గాయానికే చేటు. తమ పరిస్థితికి ఏది వర్తిస్తుందో దగ్గరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. అడిగేటప్పుడు డాక్టర్ ఏం చెప్పారో కూడా ఆయనకు చెప్పాలి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి

మళ్లీ మళ్లీ వచ్చే లీకులో రోగి చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం నోటుబుక్కు. ఓపీలో డాక్టర్ దొరికేది కొద్ది నిమిషాలు. "తలనొప్పి ఉంది సార్" అంటే ఇంకో నొప్పి మాత్ర రాసే అవకాశం ఉంది. "లేచిన 10 నిమిషాలకు మొదలవుతుంది, పడుకున్న 20 నిమిషాలకు తగ్గుతుంది, 12 రోజులుగా ఇలాగే ఉంది" అంటే ఆ మాట బరువే వేరు. రోజూ ఇవి రాయాలి:

- లేచిన ఎంతసేపటికి నొప్పి మొదలైంది, పడుకున్న ఎంతసేపటికి తగ్గింది
- నొప్పి పదికి ఎంత
- ఆ రోజు మొత్తం ఎన్ని గంటలు లేచి ఉండగలిగారు
- డ్రెస్సింగ్ పొడిగా ఉందా, తడిసిందా
- జ్వరం ఎంత, మాత్రకు ముందా తర్వాతా
- దగ్గు, ముక్కడం, ప్రయాణం, బరువు ఎత్తడం లాంటివి జరిగాయా

డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, స్కాన్ సీడీలు ఒకే సంచిలో ఉంచాలి. ఆసుపత్రి మారితే ఇవే దారి చూపిస్తాయి. డాక్టర్‌ను అడగాల్సినవి: ఆపరేషన్‌లో డ్యూరా చిరిగిందా, ఎలా మూశారు? ఇప్పుడు లీకు ఎక్కడుందని అనుకుంటున్నారు? ఎన్ని రోజులు చూసి తర్వాతి మెట్టుకు వెళ్దాం? నీటి ఒత్తిడి కొలవాల్సిన అవసరం ఉందా? ఏ గుర్తు కనబడితే రాత్రైనా రమ్మంటారు? ఇవి మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ నొచ్చుకోరు. సందేహం తీరకపోతే న్యూరోసర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు.

ఖర్చు, ఆసుపత్రి

రెండోసారి, మూడోసారి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఖర్చు కుటుంబాన్ని కుంగదీస్తుంది. ఆరోగ్యశ్రీ లేదా ఆయుష్మాన్ భారత్ వర్తించే కుటుంబాలు చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏ చికిత్సకు అనుమతి వస్తుందో అడగాలి. ప్రైవేటు బీమా ఉంటే మొదటి ఆపరేషన్ కాగితాలు కూడా జత చేయాలి. హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ విభాగాలు ఉన్నాయి. వీలైనంత వరకు మొదట ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే ముందు వెళ్లడం మంచిది. లోపల ఏం జరిగిందో ఆయనకే బాగా తెలుసు.

మనసు సంగతి

బయటికి చూడటానికి రోగి బాగానే కనబడతారు. పడుకుని ఫోన్ చూస్తారు, నవ్వుతారు. లేస్తే మాత్రం నిలవలేరు. అందుకే "నాటకం", "పని తప్పించుకోవడం" అనే మాటలు వస్తాయి, ముఖ్యంగా ఇంటి పని చేయాల్సిన కోడళ్ల విషయంలో. దుకాణం నడిపే మనిషి మంచాన పడితే రోజు సంపాదన ఆగిపోతుంది, ఆ దిగులు వేరు. నెలల తరబడి పైకప్పు చూస్తూ పడుకున్న మనిషికి నిరాశ రావడం సహజం. సబర్ చేయమని చెప్పడం మంచిదే. అయితే ఆ మాటతో పాటు పనిలో సాయం కూడా అందాలి. పిల్లలను స్కూలుకు ఎవరు దింపుతారు, వంట ఎవరు చూస్తారు, దుకాణంలో ఎవరు కూర్చుంటారు అని ఇంట్లోవాళ్లు కూర్చుని పంచుకుంటే రోగి తొందరపడి లేవాల్సిన అవసరం ఉండదు. బతకాలని లేదన్న మాట నోటి నుంచి వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. చికిత్స చేస్తున్న డాక్టర్‌కూ చెప్పాలి.

లీకు ఆగాక కూడా మొదటి కొన్ని వారాలు జాగ్రత్తగానే ఉండాలి. ఒక రోజు బాగుంది కదా అని పెళ్లికో, ప్రయాణానికో, దుకాణానికో పరుగెత్తితే మళ్లీ మొదటికి రావచ్చు. లేచి ఉండే సమయాన్ని డాక్టర్ సలహా మేరకు రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. నొప్పి తిరిగొస్తే దాచుకోకుండా నోటుబుక్కు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.